మూడో మలుపులో లేని గీత

ఈ కథ నేను నిలబడి చెబుతున్నాను. కూర్చుంటే నడుములోంచి ఎడమ మడమ దాకా ఎవరో తీగ బిగించి లాగుతున్నట్టుంటుంది. నిలబడితే ఓ పావుగంట హాయిగా ఉంటుంది, తర్వాత నడవాలనిపిస్తుంది. నడిస్తే మళ్లీ ఎక్కడైనా కూలబడాలనిపిస్తుంది. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే కాలుగాలిన పిల్లిని. ఇలాంటి వాడి ఉద్యోగమేమిటయ్యా అంటే, నేలకి జానెడు ఎత్తులో ఉండే సీట్లలో కూర్చోవడం. ఇరవై రెండేళ్లుగా స్పోర్ట్స్ కార్లు తోలి, ఏది కొనొచ్చో, ఏది చూసి దండం పెట్టి వచ్చెయ్యాలో ఒక వారపత్రికలో రాస్తున్నాను.

నవ్వకండి. అది పనే. మా మెట్ల మీద ఎదురయ్యే వాళ్లందరికీ అదో పెద్ద జోకు. "మీకేమండీ, జీతమిచ్చి మరీ షికార్లు తిప్పుతారు" అంటారు. పదిహేను రోజుల్లో పది కార్లు, ఒక్కో కారుకి నలభై చుట్లు, అదే ట్రాకు, అవే ఏడు మలుపులు. ఒకసారి నా పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది, షికారంటే ఏమిటో. మూడో చుట్టుకే తిన్నదంతా గొంతులోకి వస్తుంది.

ఏడాదికోసారి ఒక జాబితా వేస్తాం. 'ఈ ఏడాది కొనదగ్గ పది స్పోర్ట్స్ కార్లు.' పత్రిక ఆ ఒక్క వారం మామూలుకి రెట్టింపు అమ్ముడుపోతుంది. జాబితా కింద నా ఫోన్ నంబరు కూడా అచ్చవుతుంది. అది నేను పట్టుబట్టి వేయించుకున్నదే. నా మాట విని కారు కొన్నవాడు తిట్టాలనుకుంటే నన్నే తిట్టాలి, మధ్యలో ఆఫీసు వాళ్లెందుకు?

ఈసారి పదిలో ఏడు ముందే తేలిపోయాయి. మిగిలినవి మూడు. ఒకటి కరెంటుది. నిలబడ్డ చోటు నుంచి దూకితే గుండెకాయ సీటులోనే ఉండిపోతుంది, కానీ ఒళ్లు బరువు, మలుపులో ఆ బరువంతా తెలుస్తుంది. పైగా లేని ఇంజను చప్పుడుని స్పీకర్లలోంచి వినిపిస్తుంది, నాకు అది ఒళ్లుమంట. రెండోది వెండి రంగుది. గేర్లు అదే మార్చుకుంటుంది, రెండే పెడళ్లు, కడుపులో చల్ల కదలదు. మూడోది పసుపు కారు. చిన్నది, తేలిక, ఆరు గేర్లూ మన చేత్తోనే వెయ్యాలి, క్లచ్ మన కాలితోనే తొక్కాలి. ఇలాంటివి ఇప్పుడు చేసేవాళ్లే తగ్గిపోయారు. స్టీరింగు పట్టుకుంటే రోడ్డు మీద గులకరాయి ఎక్కడుందో అరచేతికి తెలుస్తుంది.

ఇరవై రెండేళ్లుగా నేను రాసిందంతా ఒక్క మాటలో చెప్పమంటే, పసుపు కారు లాంటిదే కారు అని. మొదటి స్థానం మాత్రం వెండి కారుకి ఇచ్చాను.

ఎందుకిచ్చానో నాకు తెలుసు అనుకున్నాను. కాలం మారింది, జనం ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక చస్తున్నారు, నేనూ మొండిపట్టు వదలాలి, ఇలాంటివి ఓ పేజీ రాశాను. చదివితే నాకే నచ్చింది. పసుపు కారు గురించి ఒక వాక్యం గట్టిగానే వేశాను: "మూడో మలుపులో ఇంజను గొంతు చించుకుంటుంది, నాలుగు చుట్లకే మనిషి అలిసిపోతాడు."

ఇప్పుడు కాలు సంగతి. ఎండలు మొదలైనప్పుడు మొదలైంది. ముందు బొటనవేలు మొద్దుబారింది, తర్వాత అరికాలు. క్లచ్ తొక్కితే తుంటిలో నొప్పి తెలుస్తుంది గానీ, పాదం ఎంత లోతుకి వెళ్లిందో తెలియదు. మా పేట డాక్టరు దగ్గరికి వెళితే సాయంత్రానికి మా ఆవిడ చెవిన పడుతుందని, నాలుగు పేటలు దాటి ఇంకో ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన సూదితో పాదమంతా పొడిచి, "నరం నొక్కుకుపోయిందండీ. ఈ కాలితో క్లచ్ తొక్కకండి. తిరిగి స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. ఆ చీటీ తెచ్చి చెప్పుల అలమరలో పాత బూటులో దాచాను. ట్రాకు వాళ్లు ప్రతి ఏడూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, కాళ్లూ కళ్లూ అన్నీ బాగున్నాయని. ఆ మర్నాడే వెళ్లి సంతకం పెట్టాను.

తప్పని తెలుసు. కానీ ట్రాకు మీద తోలనివ్వకపోతే నేనెవర్నో చెప్పండి. మిగిలేదల్లా నడుం నొప్పి, నోటి దురుసు.

మా ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడ కోర్టులో స్టెనో. పగలంతా సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు కొడుతుంది. పెళ్లయిన కొత్తల్లో నా రాత నాకే అర్థం కాక తలప్రాణం తోకకొచ్చేది. అప్పుడు ఆవిడే అంది, "తోలేటప్పుడు మాట్లాడండి, నేను కొడతాను" అని. అప్పటి నుంచి చొక్కా కాలరుకి చిన్న రికార్డరు తగిలించుకుని, తోలుతూ నోటికొచ్చింది వాగుతాను. సాయంత్రం ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంతా టైపు చేస్తుంది. నా మాటల మధ్య గేరు మారిన చోటల్లా ఒక ఏటవాలు గీత కొడుతుంది. ఎక్కడ మార్చానో నాకు గుర్తుండడానికి మొదట్లో నేనే నేర్పిన పద్ధతి. ఆ గీతల్ని నేను చూసి ఏళ్లయింది. చివరి పేజీ చూసుకుంటాను, రాసేస్తాను. ఆవిడ మాత్రం కొడుతూనే ఉంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా స్పోర్ట్స్ కారు ఎక్కలేదు. ఎప్పుడైనా రమ్మంటే, "అంత కింద కూర్చుంటే లేవడానికి క్రేను కావాలి" అని నవ్వేది.

మా ఎడిటరు ఎవరో కాదు, ఆవిడ తమ్ముడే. అక్క మొగుడని నాకు ఉద్యోగం ఇచ్చాడనుకునేరు, నేనే వాణ్ణి పత్రికలోకి లాక్కొచ్చాను. ఇప్పుడు వాడు కుర్చీలో కూర్చుని నా మీద అజమాయిషీ చేస్తాడు. గురువారం పొద్దున జాబితా పంపగానే ఫోన్ చేశాడు.

"బావా, నిజంగానే వెండి దానికిచ్చావా? కారు ఎక్కడైనా గుద్ది నెత్తికి దెబ్బ గానీ తగిలిందా?"

"రాసింది వెయ్యరా. నీకు ప్రశ్నలెక్కువయ్యాయి."

"వేస్తాలే. నువ్వు ఆటోమేటిక్‌కి మొదటి స్థానం ఇచ్చావంటే అదే పెద్ద వార్త. ఇవాళే రెండు ముక్కలు మన వెబ్‌సైటులో పెడుతున్నా. రేపు మూడింటికి పత్రిక అచ్చుకి పోతుంది. ఆలోగా కామా మార్చాలన్నా చెప్పు."

పెట్టాడు. మధ్యాహ్నానికల్లా నా ఫోన్ మోగింది. నేను అప్పటికి వంటింట్లోంచి వరండాకి, వరండాలోంచి వంటింట్లోకి ఎన్నిసార్లు తిరిగానో.

"సార్, నేను బస్సు తోలేవాణ్ణి. పోయిన నెల రిటైరయ్యా" అందో గొంతు. తాపీగా ఉంది, ఎవరూ తరమని గొంతు.

"చెప్పండి."

"ముప్పై మూడేళ్లు వెనకాల యాభై మందిని ఎక్కించుకుని తోలా సార్. ఇంక ఒక్కణ్ణే తోలుకోవాలని ఉంది. రెండు సీట్లది. పసుపు కారు చెప్పిపెట్టుకున్నా. రేపు సాయంత్రంలోగా అవునో కాదో చెప్పెయ్యాలి. మీరేమో అది మూడో మలుపులో గొంతు చించుకుంటోందని రాశారు."

"అవును, రాశాను."

"షోరూము వాళ్లు గంటసేపు ఇచ్చారండీ. కొండదారిలో తిప్పి చూశా. ఎక్కడా అరవలేదే?"

"మీరు తోలిన వేగం వేరు, నేను తోలే వేగం వేరు."

"అదీ నిజమేలెండి. కానీ గేరు వేస్తే ఏ ఇంజనైనా నోరు మూస్తుంది కద్సార్?"

ఒంటికాలి మీద లేచాను. ఎవరితో మాట్లాడుతున్నావు, ఎన్ని కార్లు చూశావు, బస్సు తోలినంత తేలికనుకున్నావా అంటూ నోటికి ఎంతొస్తే అంత అనేశాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. నేను ఆయాసంతో ఆగాక అన్నాడు:

"కోప్పడకండి. మీరు వెండిదే అంటే వెండిదే తీసుకుంటా. మళ్లీ మళ్లీ కొనే వయసు కాదు నాది, ఇదొక్కటే. పాతికేళ్లకి పైగా ఆ పత్రిక చదువుతున్నా, మీరు రాయడం మొదలెట్టక ముందు నుంచీ. అందుకే అడుగుతున్నా. గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, ఆ రెండిట్లో మీరైతే ఏది తోలుకుంటారు?"

"రేపు పొద్దున చెబుతాను" అని పెట్టేశాను.

అప్పుడు మొదలైంది అసలు తిరుగుడు. బీరువా మీది ఫైళ్లన్నీ దించాను. పసుపు కారు నలభై చుట్ల కాగితాలు తీశాను. ఆ పెద్దమనిషికి ఆధారం చూపించి నోరు మూయించాలని నా తాపత్రయం. ఒక చుట్టు చూశాను. మొదటి మలుపు, గీత. రెండో మలుపు, గీత. మూడో మలుపు దగ్గర నా మాటలున్నాయి, "అబ్బ, ఏం అరుస్తోందిరా బాబూ" అని. గీత లేదు. ఇంకో చుట్టు చూశాను. లేదు. ఇంకోటి. లేదు.

మూడో మలుపు సంగతి మీకు చెప్పాలి. రెండో మలుపు దాటాక చిన్న ఎత్తు ఎక్కుతాం. ఆ ఎత్తు చివర, మలుపు నోట్లోకి దూరే ముందు, రెండో గేరులోంచి మూడో గేరుకి మార్చాలి. కారు గుణం బయటపడేది అక్కడే. అక్కడ గేరు మార్చకుండా ఎవరైనా తోలతారా? లైసెన్సు నిన్న వచ్చినవాడు కూడా తోలడు.

ఐదున్నరకి మా ఆవిడ కోర్టు నుంచి వచ్చింది. చెప్పులు విప్పుతుండగానే అందుకున్నాను.

"ఏంటిది? గీతలన్నీ ఎగరగొట్టేశావు! పని మీద ధ్యాస లేకపోతే చెప్పు, నేనే ఏదో తంటాలు పడతా. నువ్వు చేసిన నిర్వాకానికి రేపు ఎవరో నన్ను నిలదీస్తారు!"

ఆవిడ సంచీ కుర్చీకి తగిలించింది. నా చేతిలో కాగితం తీసుకుని చూసింది, తిరిగి ఇచ్చింది.

"విన్నది కొడతాను. విననిది కొట్టను" అంది.

"అంటే?"

ఆవిడ లోపలికి వెళ్లి కంప్యూటరు పెట్టి, హెడ్‌ఫోన్లు తీసుకొచ్చి నా నెత్తిన పెట్టింది. తనే ఏదో నొక్కింది.

నా గొంతు వినబడింది, గాలి హోరులోంచి. రెండో మలుపు, క్లచ్ చప్పుడు, గేరు పడింది. తర్వాత ఎత్తు. ఇంజను పైకి, పైకి, ఇంకా పైకి వెళ్లింది. ఇప్పుడు మారుస్తాను, ఇప్పుడు, అనుకుంటూ విన్నాను. మార్చలేదు. మలుపు మొత్తం రెండో గేరులోనే లాక్కెళ్లాను, ఆ పసుపు కారు పాపం గుక్కపట్టి ఏడుస్తుంటే. పైనుంచి నేనే, "అబ్బ, ఏం అరుస్తోందిరా బాబూ" అన్నాను. ఆవిడ ఇంకో చుట్టు పెట్టింది. అదే. ఇంకోటి పెట్టబోతే హెడ్‌ఫోన్లు తీసేశాను.

మీరు నమ్ముతారో లేదో, నేను మార్చాననే అనుకున్నాను. ప్రమాణం చేసి చెప్పమంటే కోర్టులో కూడా అదే చెప్పేవాణ్ణి. ఎక్కడ నొప్పి ఎక్కువో అక్కడ కాలు నాతో చెప్పకుండానే పని ఎగ్గొట్టింది. ఎగ్గొట్టింది నా కాలు, మాట పడింది కారు. ఇరవై రెండేళ్లలో ఒక కారు మీద అబద్ధం రాయడం అదే మొదటిసారి, అదీ నాకే తెలియకుండా.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఎండలు మొదలైనప్పట్నుంచి. గేర్లు మీరే వేసుకునే కార్లలోనే. మొదట్లో చుట్టుకొకటి పోయేది. ఇప్పుడు మూడో మలుపులో అసలుండట్లేదు."

"మరి చెప్పవేం?"

"మీరు చెప్తారని చూశా. పాత బూట్లు ఎవరికైనా ఇచ్చేద్దామని అలమర సర్దా. చీటీ చూశా. చూసి మళ్లీ అక్కడే పెట్టేశా. నాలుగు నెలలుగా రోజూ అనుకుంటున్నా, ఇవాళ చెప్తారు, ఇవాళ చెప్తారు అని. మీరు ట్రాకుకెళ్లిన రోజు కోర్టులో నేను సగం తప్పులు కొడుతున్నా. తెలుసా మీకు?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అలా అయితే మీ తమ్ముడితో చెప్పి మానిపించలేకపోయావా" అని మళ్లీ ఆవిడ మీదికే వెళ్లాను. నా బుద్ధి అలాంటిది. ఆవిడ నా వంక ఒక్క చూపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వరండాలో చీకటిపడేదాకా పచార్లు చేశాను. పక్కింటాయన "ఏం సార్, కొత్తగా వాకింగా?" అని అడిగితే మింగేసేలా చూశాను.

పొద్దున్నే బస్సు డ్రైవరుకి ఫోన్ చేశాను. "పెద్దాయనా, ఎనిమిదింటికి ట్రాకు దగ్గరికి రాగలరా? లైసెన్సు తెచ్చుకోండి." తర్వాత బావమరిదికి ఫోన్ చేసి, గేటు పాసులో ఇంకో మనిషిని రాయించమన్నాను. ఎందుకని అడిగాడు. "నీకు ప్రశ్నలెక్కువయ్యాయని నిన్ననే చెప్పా" అన్నాను.

ట్రాకు దగ్గర చూస్తే ఆ పెద్దాయన నేననుకున్నట్టు లేడు. పొట్టిగా, గుండ్రంగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. నిన్న తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి అనేశాను.

"నా ఎడమ కాలు మొద్దుబారిపోయింది. క్లచ్ తెలియట్లేదు. నిన్న మీరన్నది నిజం, అరవడం కారు తప్పు కాదు. ఇవాళ మీరు తోలండి, నేను పక్కన కూర్చుంటా."

నాలుగు నెలలుగా కట్టుకున్న దానికి చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని మనిషికి మూడు ముక్కల్లో చెప్పాను. ఆయన అయ్యో పాపం అనలేదు. నా కాలి వంక ఒకసారి చూసి, "మా డిపోలో ముగ్గురికి వచ్చింది సార్ ఇది. సీటు జబ్బు" అన్నాడు. తాళాలకి చెయ్యి చాపాడు.

పక్క సీటులో కూర్చోవడం నాకు కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాలరుకి రికార్డరు మాత్రం తగిలించుకున్నాను, అలవాటు. మొదటి రెండు చుట్లూ ఆయన బస్సు తోలినట్టే తోలాడు, ప్రతి మలుపుకీ అద్దాలన్నీ చూసుకుంటూ. మూడో చుట్టుకి సీటులో సర్దుకున్నాడు. రెండో మలుపు దాటాం. ఎత్తు ఎక్కుతోంది. ఇంజను గొంతు పెరిగింది. నా పళ్లు బిగుసుకున్నాయి, నడుము నొప్పికి సిద్ధమైపోయింది. ఆయన చెయ్యి కదిలింది. అంతే. గేరు పడింది, మలుపులోకి దూరాం, ఇంజను కింది గొంతుతో పాడుకుంటూ పోయింది. నా నడుముకి తెలియనే లేదు.

"ఎలా వేశారది?" అన్నాను.

"వెనకాల ఒక ముసలమ్మ కడ్డీ పట్టుకుని నిలబడి ఉందనుకుంటా సార్. ఆవిడ తూలకూడదు. అంతకంటే నాకేం తెలీదు."

పద్దెనిమిది చుట్లు తిప్పాడు. తర్వాత వెండిది తోలాడు, కరెంటుది తోలాడు. వెండిదాంట్లోంచి దిగి, "మంచి బండి సార్, తప్పు పట్టడానికి లేదు. కానీ నన్నెందుకు కూర్చోబెట్టారో అర్థం కాలేదు, అన్నీ అదే చేసుకుంటోంది" అన్నాడు. కరెంటుదాని గురించి, "ఇది లిఫ్టు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వాను, నడుం పట్టుకుని.

"మీరడిగిన దానికి జవాబు," అన్నాను గేటు దగ్గర, "నాకు కాలుంటే పసుపుదే తోలుకుంటాను. మీకుంది. తీసుకోండి."

ఆయన కళ్లు తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. మబ్బు పట్టి ఉంది.

వెండి కారు తోలుకుంటూ ఇంటికొచ్చేసరికి మా ఆవిడ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. రికార్డరు ఆవిడ చేతికిచ్చి ఏమీ చెప్పకుండా పక్కగదిలో తిరుగుతున్నాను. టైపు చప్పుడు వినబడుతోంది. కాసేపటికి ఆగిపోయింది. తలుపు దగ్గరికి వెళ్లాను. ఆవిడ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపింది.

"ఇవాళ తోలింది మీరు కాదు" అంది. అడగడం కాదు, చెప్పడమే.

"కాదు."

"మూడో మలుపులో గేరు అంత బాగా పడటం మీరు కుర్రాడిగా ఉన్నప్పుడు విన్నా." అని మళ్లీ చెవి మీదికి జరుపుకుంది. నాకు గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది, సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో నన్నడక్కండి.

నిలబడే చెప్పాను, ఆవిడ కొట్టింది. మొదటి స్థానం పసుపు కారుకి. మూడో మలుపు గురించి నిన్న వెబ్‌సైటులో వచ్చిన మాట తప్పు, ఆ తప్పు కారుది కాదు. చివర ఇంకో వాక్యం: "ఈ రచయిత ఎడమ కాలు క్లచ్ తొక్కే స్థితిలో లేదు, నాలుగు నెలలుగా ఆ సంగతి దాచాడు, ఈ పరీక్షలో కారు తోలింది రిటైరైన ఒక బస్సు డ్రైవరు." ఆవిడ ఆ వాక్యం దగ్గర వేళ్లు ఆపి నా వైపు చూసింది. నేను తలూపాను. కొట్టింది.

రెండున్నరకి బావమరిది ఫోన్.

"బావా, ఈ చివరి వాక్యం అచ్చయితే ట్రాకు వాళ్లు నిన్ను మళ్లీ గేటు దాటనివ్వరు."

"తెలుసు."

"కావాలంటే కాలు సంగతి తీసేద్దాం. కారు సంగతి ఉంచుదాం. ఎవరికీ నష్టం లేదు."

"మీ అక్క కొట్టింది. తీసే దమ్ముంటే దాన్నడుగు."

ఫోన్ ఆవిడకిచ్చాను. "ఉన్నది ఉన్నట్టు వెయ్యరా" అని పెట్టేసింది. మూడయింది. పత్రిక అచ్చుకి పోయింది. నాకు కుర్చీలో కూలబడాలనిపించింది గానీ, కూర్చోలేను కదా, గోడకి ఆనుకున్నాను.

ఆవిడ కాగితాలన్నీ దొంతరగా సర్ది ఫైలులో పెట్టింది. హెడ్‌ఫోన్ల తీగ చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"అయితే ఇంక టేపులు రావా?" అంది.

నేను ఈ నాలుగు నెలలూ నాకేం పోతుందో లెక్కపెట్టుకుంటూనే తిరిగాను. ఆవిడకేం పోతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇరవై రెండేళ్లు ప్రతి చుట్టూ ఆవిడ నా పక్కనే ఉంది, నేనే చూడలేదు.

"రావు" అన్నాను.

"ఆ మలుపు ఎలా ఉంటుందో నాకు తెలీదండీ. కుడికో ఎడమకో కూడా తెలీదు."

"లే" అన్నాను. "వెండి కారు కింద ఉంది. సాయంత్రం అయిదు దాకా పాసుంది. దానికి రెండే పెడళ్లు, కుడికాలు చాలు."

"లేవడానికి క్రేను కావాలి" అంది గానీ, అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

ట్రాకు ఖాళీగా ఉంది. ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు బిగిసి కూర్చుంది. మెల్లగానే పోనిచ్చాను. మొదటి మలుపు దగ్గర "ఇంతేనా, ఇంత చిన్నదా" అంది. రెండో మలుపు దగ్గర తల అటూ ఇటూ తిప్పి, "గేరు మారిందా? నాకు వినబడలేదు" అంది.

"దీంట్లో వినబడదు."

"మరి గీత ఎక్కడ పెట్టాలి?"

ఎత్తు మొదలైంది. ఆవిడ ఆ కారు మీద నమ్మకం పోయినట్టు మొహం పెట్టి, కళ్లు మూసుకుంది. ఇంజను గొంతు పెరుగుతోంది. ఆవిడ చూపుడువేలు సంచీ మీద లేచి, మలుపు నోటి దగ్గర సరిగ్గా ఒక్కసారి కొట్టింది. అదే క్షణంలో నా ఎడమ కాలు లేచి, అక్కడ లేని క్లచ్‌ని తొక్కింది. కాళ్ల కింది చాప మీద బూటు దబ్బున పడింది.

ఆ చప్పుడు విని, కళ్లు తెరవకుండానే, "గీత" అంది.